ఇంటర్వెల్ కబుర్లు: గుడారం యెక్కడ వేద్దాం?

మహబూబాబాద్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాసేరు. "మీరెప్పుడూ ఆ హీరో కేరవాన్ ఇంత పొడుగు, ఈ హీరోయిన్ కేరవాన్‌లో అద్దం అంత వెడల్పు అని రాస్తూంటారు. మాకేమిటి లాభం? మేం ఇంటిల్లిపాదీ పద్నాలుగు మందిమి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. చిన్నదానికి మూడేళ్ళు. వచ్చే మేడారం జాతరకి డీసీఎం వ్యాను మాట్లాడుకొంటున్నాం. అదే మాకు కేరవాను. జాగ యెక్కడ పట్టాలో, గుడారం యెటు తిప్పి వెయ్యాలో మీకు తెలిస్తే రాయండి, లేకపోతే మీ కేరవాన్ల సంగతి మాకు చెప్పకండి!" అని గట్టిగానే తగిలించేరు.

బాగుంది! ఇన్నేళ్ళుగా యీ పేజీ రాస్తూంటే, నన్ను యింత సూటిగా పనికొచ్చే ప్రశ్న అడిగిన పాఠకులు అరుదు. సాధారణంగా వచ్చేవి ఫలానా వారి అసలు వయస్సెంత, ఫలానా వారిద్దరికీ మాటలున్నాయా లేవా అనే రకం. అందుచేత యీ వారం తారలకి సెలవు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు వారంతా కాస్త దగ్గరికి జరగండి. తక్కినవారు కూడా వినవచ్చు, నష్టం లేదు.

అయితే సినిమా పేజీలో జాతర గోల యేమిటని సంపాదకులు కనుబొమ్మలు యెగరెయ్యకుండా ముందుగా ఒక మాట. జాగ చూడటం అనేది సినిమా వాళ్ళ విద్యే! ఔట్‌డోర్ యూనిట్‌లో లొకేషన్ చూసే మనిషికి చెట్టూ, గుట్టా అందం ఒక్కటే కనబడితే చాలదు. జనరేటర్ వ్యాను యెక్కడ నిలబెట్టాలి, దాని చప్పుడు మైకులో పడకుండా యెంత దూరం వుండాలి, భోజనాల బండి యెటునుంచి వస్తుంది, ఆడవాళ్ళు చీరలు మార్చుకోవటానికి చాటెక్కడ, వానొస్తే యెటు పరుగెత్తాలి... ఇవన్నీ చూసి గానీ డైరెక్టరుగారిని ఆ చోటికి తీసుకురాడు. కేరవాన్లు రాకముందు రోజుల్లో మహా మహా నటులు కూడా చెట్టు నీడన మడత కుర్చీ వేసుకొని కూర్చున్నవారే. ఆ చెట్టు యే చెట్టన్నదే అప్పట్లో పెద్ద తగవు!

ఇంకో సంగతి. మా మేనకోడలు అమెరికాలో వుంటుంది. పోయిన సెలవుల్లో వాళ్ళు ఫ్లారిడాలో డిస్నీ వారి వినోదాల వనానికి వెళ్ళేరు. హోటల్లో దిగలేదు. ఆర్వీ అని వుంటుంది చూడండి, వంటిల్లూ, పడకలూ, స్నానాల గదీ అన్నీ బస్సులోనే వుండే చక్రాల ఇల్లు. దాన్ని అద్దెకు తీసుకొని, ఆ వనం పక్కనే వున్న ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే విడిదిలో మకాం పెట్టేరు. 1971 నవంబరులో తెరిచిన విడిది అది. పైన్ చెట్ల మధ్య సుమారు 750 ఎకరాలు, అందులో ఇలాంటి బళ్ళూ గుడారాలూ నిలుపుకొనే జాగాలు 800 దాకా. వాటిని వంకీలు వంకీలుగా తీర్చి, ఒక్కో వంకీకి ఒక్కో నంబరు ఇచ్చేరు. ప్రతి జాగాకీ చదును చేసిన నేల, కరెంటు పెట్టె, నీళ్ళ పంపు. ఒక జాగాలో 10 మందికి మించి వుండకూడదు. పడవ రేవుకి దగ్గరి వంకీ కావాలంటే రేటు యెక్కువ, దూరమైతే తక్కువ. మీ బండి మీ జాగాలో నిలిపేక లోపల తిరగటానికి వాళ్ళ బస్సెక్కాలి, లేదా బ్యాటరీతో నడిచే చిన్న బండి అద్దెకి తీసుకోవాలి. రాత్రయితే మంట చుట్టూ పాటలు, ఆరుబయట తెర కట్టి సినిమా!

"మామయ్యా, యే వంకీ తీసుకోవాలో తేల్చుకోవటానికి మాకు మూడు వారాలు పట్టింది. రేవు దగ్గరిది బాగుంటుందని ఒకరు, అక్కడ రాత్రంతా జనం నడుస్తూ వుంటారని ఇంకొకరు. కుక్కల్ని తెచ్చేవాళ్ళ వంకీలు వేరు. పైగా మనం అడిగిన వంకీ ఇస్తామని వాళ్ళు మాట ఇవ్వరు, చూస్తామంటారంతే!" అంది ఫోనులో.

నేను నవ్వేను. నీళ్ళకి దగ్గరా, దూరమా? దర్శనానికి దగ్గరా, దారికి దగ్గరా? పక్కవాళ్ళు యెలాంటివాళ్ళు? రాత్రి చప్పుడెంత? ఇవే ప్రశ్నలు మా వాళ్ళు ఎడ్లబండి దిగకుండానే తేల్చుకొనేవారు. వంకీలు లేవు, నంబర్లు లేవు, ముందుగా రిజర్వేషన్ లేదు. అంతే తేడా!

సరే, మేడారం. ఇది ఇవాళ ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో వుంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళింది, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా యేర్పడితే అందులోకి వచ్చింది. సమ్మక్కా సారలమ్మల జాతర రెండేళ్ళకోసారి మాఘ శుద్ధ పౌర్ణమి నాళ్ళలో నాలుగు రోజులు. 1996లో రాష్ట్ర పండుగ అన్నారు. మామూలు రోజుల్లో అడవి మధ్య చిన్న పల్లె. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన జాతరకి కోటికి పైగా జనం వచ్చేరని లెక్క చెప్పేరు. అందరికీ హోటలు గదులు యెక్కడినుంచి వస్తాయి? చెట్టు కింద, పొలంలో, వాగొడ్డున, ట్రాలీ కింద, వ్యాను మీద... యెవరి ఇల్లు వాళ్ళు తెచ్చుకోవలసిందే. ప్రపంచంలో యింతకంటే పెద్ద గుడారాల విడిది యెన్ని చోట్ల వుంటుందో చెప్పండి!

ఇప్పుడు సోదరిగారి ప్రశ్న. జాగ యెక్కడా అని అడిగేరు. దానికంటే ముందు, యే రోజుకి చేరతారు, యే రోజు బయలుదేరతారు, అది చెప్పండి. ఎందుకంటే యీ నాలుగు రోజులూ నాలుగు వేరే వేరే సినిమాలు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. పగిడిద్దరాజు మీ జిల్లావాడే, గంగారం మండలం పూనుగొండ్ల నుంచి అడవి దారిన కాలినడకన బయలుదేరి వస్తాడు. కొండాయి నుంచి గోవిందరాజు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్కని తెస్తారు. పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం చెప్తారు. ఆ చప్పుడుకి వొళ్ళు జలదరించని మనిషిని నేను చూడలేదు. శుక్రవారం తల్లులిద్దరూ గద్దెల మీద వుంటారు, మొక్కులు ఆ రోజే యెక్కువ. శనివారం సాయంత్రం వనప్రవేశం.

చాలామంది శుక్రవారం ఒక్కరోజు చూసుకొని వచ్చేద్దామనుకొంటారు. అందరూ అలాగే అనుకొంటారు గనక ఆ రోజు దారిలోనే పొద్దుగూకుతుంది. పద్నాలుగు మందితో, మోకాళ్ళ నొప్పుల అత్తగారితో వెళ్ళేవాళ్ళు మంగళవారం రాత్రికో బుధవారం తెల్లవారుజాముకో దిగి జాగ పట్టుకోవటం మంచిది. అప్పటికి ఖాళీ వుంటుంది, అద్దె చెప్పేవాడి గొంతు కూడా కాస్త మెత్తగా వుంటుంది.

రెండోది దారి. జనగామ వారికి 163 నంబరు జాతీయ రహదారి ఇంటి ముందే వుంది. హనుమకొండ, ములుగు, గోవిందరావుపేట మీదుగా పస్రా. మహబూబాబాద్ వారు గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి మీదుగా వచ్చి ములుగులో కలుస్తారు. పస్రా దగ్గర రెండు పాయలు. ఆర్టీసీ బస్సుల్ని తాడ్వాయి మీదుగా పంపుతారు. మనలాంటి సొంత బళ్ళని నార్లాపూర్ మీదుగా మళ్ళిస్తారు. తిరుగు ప్రయాణంలో వచ్చిన దారినే పోనివ్వరు. నార్లాపూర్ నుంచి బయ్యక్కపేట మీదుగా భూపాలపల్లి తేల్చి, పరకాల వైపు తోలుతారు. అంటే భూపాలపల్లి వారికి ఇల్లు ముందొస్తుంది, మనకి చుట్టు. కాటారం, కాల్వపల్లి వైపు నుంచి వచ్చేవారు ఊరట్టం దగ్గర దిగుతారు. ఆ ఒడ్డు వాళ్ళది.

ఇది యెందుకు చెప్తున్నానంటే, జాగ పట్టేటప్పుడు అందరూ వచ్చే దారి చూస్తారు, పోయే దారి చూడరు. వ్యాను లోపలికంటా తోలి, గద్దెలకి దగ్గరలో యెక్కడో ఇరికించి, "ఆహా, యెంత మంచి చోటు!" అని మురిసిపోతారు. రాత్రి తెల్లారేసరికి ముందు నాలుగు ట్రాక్టర్లు, వెనక ఆరు ఆటోలు, పక్కన ఒక లారీ. శనివారం మీరు బయలుదేరాలంటే ఆ పదకొండు కుటుంబాల వంటలూ స్నానాలూ ముగియాలి. అందుచేత బండి మొహం యెప్పుడూ బయటి దారి వైపు తిప్పి నిలపాలి. మా డ్రైవరు ఒకాయన యీ సంగతే చెప్పేవాడు: "బండి మొకం ఇంటి దిక్కు ఉండాలె సారూ, మన మొకం తల్లి దిక్కు ఉన్నా మంచిదే."

ఇక చోట్లు. జంపన్న వాగు ఒడ్డు అందరికీ ఆశ. పేరు గొప్ప, కథ గొప్ప. కాకతీయుల సైన్యంతో పోరాడి సమ్మక్క కొడుకు జంపన్న ఆ వాగులో ప్రాణం విడిచాడని, అంతకుముందు దాని పేరు సంపెంగ వాగని చెప్తారు. వచ్చినవారంతా ముందు అందులో మునిగి గాని గద్దెలకి వెళ్ళరు. జాతరప్పుడు వాగులో నీళ్ళు చాలకపోతే లక్నవరం చెరువు నుంచి వదులుతారు. ఒడ్డు పొడుగునా వరసగా పంపులు బిగిస్తారు. మరి నీళ్ళ పక్కనే వుండటం సుఖమే గదా అంటారా? సుఖమే, పగలు. రాత్రి మాఘమాసపు చలికి ఇసుక చల్లబడిపోయి నడుం పట్టేస్తుంది. పైగా తెల్లవార్లూ మునిగేవాళ్ళు మునుగుతూనే వుంటారు. శివాలూగేవాళ్ళు వూగుతూనే వుంటారు. మూడేళ్ళ పిల్ల వున్నవాళ్ళు వాగొడ్డున పడుకొంటే తల్లికి కునుకు పట్టదు. నా వోటు అక్కడికి పడదు. నలుగురు కుర్రాళ్ళయితే వెళ్ళండి, నిక్షేపంగా వుంటుంది.

గద్దెల చుట్టుపక్కల, రెడ్డిగూడెంలో ఇళ్ళ ముందు వాకిళ్ళు, వరండాలు, గదులు అద్దెకిస్తారు. ముసలివాళ్ళకి ఇదే మేలు అనుకొంటాం. కాని రేటు వినగానే ముసలివాళ్ళే లేచి నిలబడతారు! అదలా వుంచి, అక్కడ మైకులు. తప్పిపోయిన పిల్లల పేర్లు, కొబ్బరికాయల ధరలు, పాటలు, ప్రకటనలు అన్నీ ఒకదాని మీద ఒకటి. మూడు సినిమా హాళ్ళ మధ్య గోడలు తీసేస్తే యెలా వుంటుందో అలా వుంటుంది. ఈమధ్య జాతరల్లో పర్యాటక శాఖ వారు కూడా అద్దె గుడారాలు వేస్తున్నారు. ఇద్దరు ముగ్గురైతే అది తేలిక. పద్నాలుగు మందికి గుడారాల లెక్క కట్టుకొంటే ఇంట్లోనే కూర్చొని తల్లికి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది.

చిలకలగుట్ట వైపు కొందరు చేరతారు. గుట్ట మీదికి యెవర్నీ పోనివ్వరు, అది తల్లి వుండే చోటు, ఆ హద్దు గౌరవించాలి. గురువారం సాయంత్రం ఆ దారంతా ముగ్గులతో, ఎదురుకోళ్ళతో, మేకలతో నిండిపోతుంది. చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. కాని ఆ దారికి ఆనుకొని గుడారం వేస్తే, సమ్మక్క వచ్చే వేళకి జనం మీ గుడారంలోంచే పరుగెడతారు. ఒక పొలం వెనక్కి వెయ్యండి.

నాకు నచ్చేవి కాస్త దూరపు చోట్లు. నార్లాపూర్ దారి, కొత్తూరు పక్క, కన్నెపల్లి పొలాలు. నడక వుంటుంది, నిజమే. కాని నిద్ర వుంటుంది. నీడ వుంటుంది. బండి కదులుతుంది.

అయితే మంచి పొలంలో కూడా చెడ్డ జాగ వుంటుంది. ఇది నేను పుస్తకాల్లో చదివింది కాదు, మా నాయనమ్మ దగ్గర చూసింది. నా చిన్నప్పుడు జనగామ పక్క మా వూరి నుంచి ట్రాక్టరు ట్రాలీలో వెళ్ళేవాళ్ళం. ట్రాలీ ఆగగానే అందరికంటే ముందు ఆవిడ దిగేది. చెప్పులు విడిచి పొలంలో నాలుగడుగులు నడిచేది. మడమతో నేల నొక్కి చూసేది. "గీడ వద్దు బిడ్డా, కింద తడి ఉన్నది, రాత్రికి సల్ల తేలుతది" అనేది. ఇంకో చోట వంగి, గడ్డి పరకల మధ్య చూసి, "గండుచీమలు" అని లేచేది. చెట్టు కింద వేద్దామంటే తల పైకెత్తి యెండు కొమ్మలు లెక్కపెట్టేది. గాలి యెటునుంచి వస్తుందో చూసి పొయ్యి దానికి కింది వైపున పెట్టించేది, పొగా నిప్పురవ్వలూ బరకం మీదికి రాకుండా. పొద్దుటి యెండ గుడారం లోపలికి పడేలా మొహం తిప్పించేది. మధ్యాహ్నం యెట్లాగూ లోపల వుండం, పొద్దున్నే చలికి వణికేది పిల్లలు గదా! ఇంతా అయ్యేక ఒక చీపురు అడిగి ఆ చోటంతా వూడ్చి, ఇంత పసుపు నీళ్ళు చల్లి, "ఇగ దించుండ్రి" అనేది. అప్పుడు మా నాన్న, బాబాయిలు వెదురు బొంగులు దించేవారు. నలుగురు మగవాళ్ళు నిలబడి ఒక ముసలావిడ అనుమతి కోసం యెదురుచూడటం నాకు అప్పుడు చాలా తమాషాగా వుండేది.

ఒకసారి పొలం ఆసామి అద్దె కోసం వచ్చేడు. కోయ రైతు. నడివయస్సు మనిషి. ఎంతో చెప్పేడు. మా బాబాయి "ఉత్త పొలానికి గింత కిరాయా? గింజ పండిస్తున్నవా గిప్పుడు?" అని బేరం మొదలుపెట్టేడు. ఆ మనిషి కోపగించుకోలేదు. నిదానంగా నాయనమ్మ వైపు తిరిగి, "యాసంగి ఏసినమా అవ్వా? ఏయలె. ఏస్తే మీరు యాడ దిగుతరు? గీ నాలుగు రోజులే మా పంట" అన్నాడు.

అవును మరి. జాతర యేడాది అక్కడి రైతులు చాలామంది రెండో పంట వెయ్యరు. వేసినా నిలవదు, లక్షల కాళ్ళు తొక్కుతాయి. జాతర ముగిసేక ఆ మడుల్లో సీసా పెంకులు, ప్లాస్టిక్ సంచులు, కోడి ఈకలు, పొయ్యి రాళ్ళు. అవన్నీ యేరుకొంటే గాని వానాకాలానికి నాగలి దిగదు. పంట నష్టం ఇప్పించమని వాళ్ళు అడుగుతూనే వుంటారు. మనం జాగ జాగ అని వెతుక్కొనేది ఒకరి అన్నం పండే చోటు!

నాయనమ్మ బేరమాడనివ్వలేదు. కొంగుముడి విప్పి అడిగినంతా ఇచ్చింది. పైన ఒక బెల్లం ముద్ద చేతిలో పెట్టి, "బంగారం తీస్కో కొడుకా" అంది. మేడారంలో బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. నిలువెత్తు బంగారం అంటే మనిషి యెత్తు బెల్లం తూచి ఇవ్వటం. అతను ఆ ముద్ద తలకి ఆనించుకొని వెళ్ళేడు. సాయంత్రం మేం అడక్కుండానే రెండు మోపుల యెండు పుల్లలు తెచ్చి పడేసేడు. తరవాత మూడు జాతరలకి ఆ మడి మాదే. ముందే యెవరొచ్చినా "జనగామోళ్ళకు చెప్పిన" అనేవాడట. చూసేరా, రిజర్వేషన్ పద్ధతి మనకీ వుంది!

ఇప్పుడు ఒక విషయం సూటిగా రాస్తాను. సినిమా పేజీలో యిదేమిటని యెవరూ అనుకోవద్దు. జాగ యెంచుకొనేటప్పుడు మగవాళ్ళు నీళ్ళూ, నీడా, దారీ చూస్తారు. మరుగుదొడ్డి యెంత దూరమో చూడరు. వాళ్ళకి అడవంతా తమదే. ఆడవాళ్ళు మాత్రం సాయంత్రం నుంచే మంచినీళ్ళు తాగటం మానేస్తారు. చీకటి పడేదాకా కాచుకొంటారు. నాలుగు రోజులు అలా వుంటే వొంటికి యేమవుతుంది? ప్రభుత్వం వారు జాతరకి వేల సంఖ్యలో తాత్కాలిక మరుగుదొడ్లు పెడుతున్నారు, వాటికి నీళ్ళూ వెలుగూ వున్న వరస యెక్కడుందో చూసుకొని, దానికి మరీ పక్కన కాకుండా, రాత్రి ఇద్దరు ఆడవాళ్ళు లాంతరు పట్టుకొని భయం లేకుండా వెళ్ళి రాగలిగినంత దూరంలో గుడారం వెయ్యండి. కరెంటు స్తంభం వెలుగు ఆ దారి మీద పడుతుందా లేదా పగలే చూసుకోండి. స్నానానికి మీ గుడారం వెనక నాలుగు బొంగులు పాతి పాత చీరలు కడితే చాలు, ఒక బిందె నీళ్ళతో పని జరుగుతుంది. సోదరీ, యీ ఒక్క విషయంలో మీ ఇంటి మగవాళ్ళ మాట వినకండి. జాగ మీరు దిగి చూడండి. నచ్చితేనే బొంగు దించనివ్వండి.

సామాన్ల మాట. 1954లో హాలీవుడ్‌లో 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' అని ఒక హాస్య చిత్రం వచ్చింది. విన్సెంట్ మినెల్లి డైరెక్షన్. లూసిల్ బాల్, డేసి ఆర్నజ్ కొత్త దంపతులు. ఇల్లు కొనే బదులు కారు వెనక లాక్కుపోయే పెద్ద చక్రాల ఇల్లు కొంటారు. ఒక రాత్రి దారి తప్పి అడవి బాటలో ఆపుకొంటారు. వాన! బురద! ఇల్లంతా ఒక పక్కకి ఒరిగిపోతుంది, మంచం మీద నిద్రపట్టదు, మనిషి జారిపోతూంటుంది. నాయనమ్మ చూసి వుంటే, "దిగి మడిమెతోని నొక్కి చూసినవారా?" అని వుండేది. ఆ కొత్త పెళ్ళికూతురికి ఇంకో పిచ్చి, వెళ్ళిన ప్రతి చోటా ఒక రాయి జ్ఞాపకంగా యేరుకొని బండిలో దాచటం. చివరికి కొండ యెక్కేటప్పుడు ఆ రాళ్ళ బరువుకి ప్రాణాలమీదికొస్తుంది. కడుపుబ్బ నవ్విస్తుంది గాని, మన వ్యాన్ల సంగతీ అంతే. పరుపులు, గ్యాసు బండ, పెద్ద గుండిగ, రోలు కూడా తెచ్చినవాళ్ళని చూసేను! రెండు బరకాలు, యెనిమిది వెదురు బొంగులు, తాళ్ళు, ఒక గడ్డపార, మనిషికొక దుప్పటి, కింద పరవటానికి వరి గడ్డి, మంచినీళ్ళ డబ్బాలు, చీపురు. అంతకుమించి వద్దు. కోళ్ళు, మేక వుంటే వ్యానులో వేరే మూల కట్టండి. ఆర్టీసీ బస్సులో వాటిని యెక్కనివ్వమని 2024 జాతరకి ముందే చెప్పేశారు. ఆ జాతరకి ఆడవాళ్ళకి బస్సు టిక్కెట్టు లేదు, కోడికి బస్సే లేదు!

చక్రాల ఇల్లంటే అందరికీ సరదా కాదన్న సంగతీ సినిమాయే చెప్పింది. 2020లో వచ్చిన 'నోమాడ్‌లాండ్'లో ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్ వేసిన పాత్రకి ఇల్లు పోయింది గనక వ్యానే ఇల్లు. యెవరూ తరమని చోటు, రాత్రి బండి నిలుపుకోనిచ్చే చోటు వెతుక్కోవటమే ఆమె బతుకు. 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ ఇచ్చేరు. మేడారంలో కూడా నాలుగు రోజులు చాప మీద బొమ్మలు, గాజులు, జోళ్ళు అమ్ముకొనేవాళ్ళు వుంటారు. వాళ్ళ జాగ యెప్పుడూ ఇంకెవరికో అడ్డమే. పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం అక్కడ. మన పద్నాలుగు మంది గుడారం అంచున ఒక చాపకి చోటిస్తే మనకి తరిగేదేమీ లేదు. పైగా మనం గద్దెలకి వెళ్ళినప్పుడు సామాన్లు చూసే మనిషి దొరుకుతుంది.

గుడారం వేసేరు, దర్శనానికి వెళ్ళేరు. తిరిగి రావటం యెలా? అన్నీ ఒకే రంగు బరకాలు! అందుకే పొడుగాటి బొంగు చివర యేదో ఒక గుర్తు కట్టాలి. కొందరు యెర్ర చీర కడతారు, కొందరు చేట, కొందరు చీపురు. అందరూ యెర్ర చీరే కడితే లాభం లేదు గనక, ఒకసారి మా పక్క గుడారం వాళ్ళు పాత సినిమా పోస్టరు అట్టకి అంటించి కట్టేరు. హీరోగారు నాలుగు రోజులు గాలికి వూగుతూ, మా వరస మొత్తానికీ దారి చూపించేడు. "ఆ హీరో ఉన్న కాడ ఎడమకు తిరుగు" అని జనం చెప్పుకోవటం నా చెవులారా విన్నాను. ఫోన్లు వున్నాయి గదా అంటారేమో. శుక్రవారం నాడు అంత జనంలో ఫోను మోగుతుందని నమ్ముకోవద్దు. చిన్నపిల్ల గౌను లోపల ఇంటిపేరు, వూరి పేరు, ఫోను నంబరు రాసిన గుడ్డ కుట్టండి. అత్తగారి కొంగుకి కూడా. ఆవిడ చిన్నబుచ్చుకొంటే, తారలకి కూడా మెడలో కార్డు వేసి గాని సెట్‌లోకి రానివ్వటం లేదని నా పేరు చెప్పండి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడని శుక్రవారం గద్దెల తొక్కిసలాటలోకి తీసుకుపోవద్దు. జాతరకి వారం ముందు మండమెలిగే పండుగ అవుతుంది. ఆ రోజుల్లో బుధవారం, ఆదివారం జనం వస్తారు గాని నడవటానికి చోటుంటుంది. ఆవిడ మొక్కు అప్పుడే తీర్చి, జాతరలో గుడారం దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడితే పద్నాలుగు మందికీ ఆవిడే ఇంటి పెద్ద, ఆవిడే కాపలా. లేదూ, అంత దూరమే వద్దనుకొంటే ఆత్మకూరు దగ్గర అగ్రంపహాడ్ వుంది. అక్కడా సమ్మక్క సారలమ్మల జాతరే, అవే రోజుల్లో. జనగామ వారికి ప్రయాణమూ సగమే. భూపాలపల్లి వారి కాళేశ్వరంలో 2025 మేలో సరస్వతీ పుష్కరాలు జరిగినప్పుడు గుడారాలు వేసి అద్దెకిచ్చేరు. 2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి గనక అటు వెళ్ళేవారికి కూడా యీ జాగ లెక్కలు పనికొస్తాయి. నది ఒడ్డున ఇసుక మీద గుడారం వేస్తే మేకులు నిలవవు. ఇసుక నింపిన సంచులకి తాళ్ళు కట్టండి.

సోదరిగారికి నా లెక్క యిది. మంగళవారం రాత్రి భోజనాలయ్యేక మహబూబాబాద్‌లో బయలుదేరండి. తెల్లవారకముందే పస్రా దాటండి. నార్లాపూర్ దాటేక, పోలీసులు బళ్ళు ఆపుకోనిచ్చే చోట, రోడ్డుకి రెండు మడుల లోపల, మెరకగా వున్న పొలం చూడండి. వ్యాను మొహం రోడ్డు వైపు. గుడారం మొహం తూర్పుకి. మరుగుదొడ్ల వరస కనబడాలి, వాసన రాకూడదు. బుధవారమంతా విశ్రాంతి, సారలమ్మ రాక కుర్రవాళ్ళు చూసి వస్తారు. గురువారం మధ్యాహ్నానికే చిలకలగుట్ట దారికి చేరుకోండి. శుక్రవారం తెల్లవారుజామున మూడింటికి లేచి వాగుకి వెళ్తే, తెల్లారేసరికి మొక్కు తీరిపోతుంది. శనివారం వనప్రవేశం దాకా ఆగాలో వద్దో పిల్ల మొహం చూసి తేల్చుకోండి.

బయలుదేరే ముందు పొయ్యిలో నీళ్ళు పొయ్యండి, అది అడవి. బొంగులు పీకిన గుంటలు పూడ్చండి. పెంకులూ, సంచులూ ఒక గోనెలో యేరి పెట్టండి, గోనె మీరే తీసుకెళ్ళండి. ఆసామి పేరు, ఫోను నంబరు రాసుకోవటం మర్చిపోవద్దు. బెల్లం ముద్ద సంగతి చెప్పేను గదా.

వచ్చే వారం మామూలుగా తారల కబుర్లే. ఒక హీరోగారి కొత్త కేరవాన్‌లో స్నానాల తొట్టి పట్టక తలుపు కోసేశారట! ఆ ముచ్చట అప్పుడు.